ఓడ మీద వచ్చిన జబ్బును ‘పనికి సంబంధం లేదు’ అని కంపెనీ తోసిపుచ్చినప్పుడు: వైకల్య పరిహారం అడిగే విధానం

కొత్తపట్నం వైపు ఒక పల్లెకు చెందిన ఫిట్టర్ కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కాగితాన్ని తీసి బల్ల మీద పరిచాడు. నూనె శుద్ధిచేసే యంత్రం ప్యూరిఫయర్‌ను విప్పి శుభ్రం చేస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చి కూలబడితే, దగ్గరి రేవులో దించి స్టెంట్ వేయించి, విమానం ఎక్కించి ఇంటికి పంపారు. ఆ కాగితం కంపెనీ డాక్టరు ఇచ్చిన రిపోర్టు. అందులో ఉన్నవి మూడే వాక్యాలు: ఈయనకు బీపీ ఉంది, షుగర్ ఉంది, ఈ గుండెజబ్బు పని వల్ల వచ్చినది కాదు. “అన్నా, జీతం ఆపేశారు. ఇక అడిగేదానికేం లేదంటన్నారు. నిజమేనా?” అని అడిగాడు.

నిజం కాదు. అయితే ఎందుకు కాదో చెప్పడానికి అతని దగ్గర ఉండవలసిన కాగితాల్లో సగం లేవు. పదహారేళ్ళు ఇంజన్ రూములో పనిచేసి దిగిన తరువాత, నెల్లూరు, ప్రకాశం జిల్లాల సీమన్ల ఫైళ్ళు చదివి సర్దిపెట్టడంలో తొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్నది ఇదే. జబ్బుకూ పనికీ ఉన్న సంబంధం చాలావరకు ఓడ మీద ఉన్న రోజుల్లోనూ, దిగిన తరువాతి మొదటి కొద్ది వారాల్లోనూ తయారైన కాగితాలతోనే తేలిపోతుంది. నేను వకీలును కాను. కేసు వేసే దశలో వకీలు తప్పనిసరి. వకీలు దగ్గరికి వెళ్ళేలోగా మీరూ మీ ఇంటివారూ చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: రెండు హక్కులను విడదీసి అడగండి

కంపెనీ ‘పనికి సంబంధం లేదు’ అనగానే వైద్యం ఖర్చు, జీతం, పరిహారం మూడూ పోయాయని మనవాళ్ళు అనుకుంటారు. ఇక్కడే మొదటి నష్టం జరుగుతుంది. నావికుల కార్మిక హక్కులకు ఆధారమైన 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని (ఓడల మీద అందరూ ఎమ్మెల్సీ అంటారు) భారతదేశం 2015 అక్టోబరు 9న ఆమోదించింది, ఏడాది తరువాత అది మనకు అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలో ఓడ యజమాని బాధ్యతను చెప్పే భాగం రెండు వేరు వేరు మాటలు వాడుతుంది.

వైద్యం ఖర్చు, అనారోగ్య కాలపు వేతనం విషయంలో, డ్యూటీలో చేరిన రోజుకూ స్వదేశానికి చేర్చిన రోజుకూ మధ్య జబ్బు బయటపడితే చాలు, లేదా ఆ కాలంలో చేసిన ఉద్యోగం వల్ల అది వచ్చినా చాలు. పని వల్లే వచ్చిందని నిరూపించవలసిన అవసరం ఇక్కడ లేదు. ఓడ మీద ఉన్నంత వరకు పూర్తి వేతనం ఇవ్వాలి. దింపిన తరువాత వేతనమంతా ఇవ్వాలా, అందులో కొంత భాగం ఇవ్వాలా అనేది ఆ దేశపు చట్టాన్నీ మీ ఒప్పందాన్నీ బట్టి ఉంటుంది. ఈ బాధ్యతకు చట్టం పరిమితి పెట్టవచ్చు గాని, జబ్బు మొదలైన రోజు నుంచి పదహారు వారాలకు అది తగ్గకూడదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య (ఐటీఎఫ్) కంపెనీలతో చేసుకున్న అనేక సమష్టి ఒప్పందాల్లో ఇంటికి చేరిన తరువాత 130 రోజుల వరకు సిక్ పే రాసి ఉంటుంది.

దీర్ఘకాలిక వైకల్యానికి ఇచ్చే పరిహారం దీనికి వేరు. అక్కడ వృత్తిపరమైన గాయం, వృత్తిపరమైన జబ్బు లేదా వృత్తిలోని ప్రమాదం వల్ల వైకల్యం వచ్చిందని చూపాలి. ‘సంబంధం ఉందా లేదా’ అన్న తగాదా నడవవలసిన చోటు ఇదొక్కటే. కాబట్టి మొదటి ఉత్తరంలోనే రెండింటినీ రెండు పేరాలుగా విడదీసి, వైద్యం ఖర్చునూ సిక్ పేనూ తగాదాతో నిమిత్తం లేకుండా వెంటనే చెల్లించాలని అడగండి. కొత్తపట్నం ఫిట్టరుకు ముందుగా చేతికి వచ్చింది ఈ సిక్ పే డబ్బే, ఆ డబ్బుతోనే అతను మిగతా పరీక్షలు చేయించుకోగలిగాడు.

ఈ బాధ్యత నుంచి యజమానికి మినహాయింపు ఉన్న సందర్భాలు మూడు. గాయం ఓడ సేవలో కాకుండా మరోచోట తగిలినప్పుడు, సీమన్ తెలిసి చేసిన దుష్ప్రవర్తన వల్ల గాయమో జబ్బో వచ్చినప్పుడు, చేరేటప్పుడే ఉన్న జబ్బును ఉద్దేశపూర్వకంగా దాచినప్పుడు. మూడోదాని గురించి కింద విడిగా చెబుతాను, మన జిల్లాల కేసులు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

రెండో మెట్టు: మీకు వర్తించే ఒప్పందం ఏదో తేల్చుకోండి

చేరేటప్పుడు సంతకం పెట్టిన ఉద్యోగ ఒప్పందం, దానికి జతచేసిన సమష్టి ఒప్పందం రెండూ తీసి ముందు పెట్టుకోండి. మన జెండా ఉన్న ఓడ అయితే నేషనల్ మారిటైమ్ బోర్డు (మన ఓడల యజమానులూ యూనియన్లూ కలిసి కూర్చునే వేదిక) ఒప్పందాన్ని చూడాలి. విదేశీ జెండా ఓడ అయితే నుసి, ఎంయూఐ వంటి మన నావికుల యూనియన్లు కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్నో, ఐటీఎఫ్ ఒప్పందాన్నో చూడాలి. అందులో ‘పర్మనెంట్ డిజెబిలిటీ’ అన్న శీర్షిక కింద పని సంబంధమైన జబ్బును కూడా చేర్చారా, కేవలం ప్రమాదం వల్ల తగిలిన గాయానికే పరిమితం చేశారా అన్నది చదవండి. ఆ ఒక్క వాక్యం మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన కుర్రాళ్ళు ఫిలిప్పీన్స్ సిబ్బందితో కలిసి పనిచేస్తారు గనుక, ‘దిగిన మూడు రోజుల్లో కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, 120 రోజుల్లో వాళ్ళు తేల్చాలి, పట్టికలో లేని జబ్బయినా పని వల్ల వచ్చినట్టే ముందు అనుకుంటారు’ అన్న మాటలు మెస్ రూములో విని వస్తారు. ఆ నియమాలు నిజమైనవే, అయితే అవి ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తన నావికులకు రాసిన ప్రామాణిక ఒప్పందంలోనివి. మన ఒప్పందంలో అటువంటి అనుకూలమైన ఊహ ఉందని నమ్మి రుజువులు కూడబెట్టకుండా కూర్చోవద్దు. మూడు రోజుల్లో రిపోర్టు చేసే అలవాటును మాత్రం అనుసరించండి, దానివల్ల మేలు తప్ప కీడు లేదు.

మూడో మెట్టు: ఓడ దిగకముందే సేకరించవలసినవి

ఇప్పుడు ఓడ మీద ఉన్నవారూ, మళ్ళీ సైన్ ఆన్ కాబోతున్నవారూ (అంటే ఓడ ఎక్కబోతున్నవారూ) ఈ భాగాన్ని నిదానంగా చదవాలని కోరుతున్నాను.

నొప్పి చిన్నదైనా చీఫ్ ఆఫీసరుకో, ఓడ మీద మందులు చూసే అధికారికో చెప్పి, మెడికల్ లాగ్‌లో రాయించండి. మనవాళ్ళు కాంట్రాక్టు మధ్యలో దింపేస్తారేమో, మళ్ళీ పిలవరేమో అన్న భయంతో నొప్పిని దాచి, సొంత మాత్రలు మింగి పనిచేస్తారు. ఆ భయం నాకు తెలుసు, నేనూ నడుము నొప్పిని రెండు కాంట్రాక్టుల పాటు ఎవరికీ చెప్పకుండా మోశాను. కాని లాగ్‌లో లేని నొప్పి చట్టం దృష్టిలో లేనట్టే. రేవుకు చేరినప్పుడు, వీలున్నచోట ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించుకునే హక్కు ఎమ్మెల్సీ ఇచ్చింది. మాస్టరూ (ఓడ కెప్టెన్) ఒడ్డున చూసిన డాక్టరూ నింపే మెడికల్ రిపోర్టు ఫారానికి నకలు అడిగి తీసుకోండి.

అన్నిటికన్నా విలువైన కాగితం విశ్రాంతి గంటల రికార్డు. ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది నియమం. మాస్టరు, మీరు ఇద్దరూ సంతకం చేసిన ఆ రికార్డు నకలు మీకు ఇవ్వాలి. గుండెజబ్బు, పక్షవాతం, మానసిక వ్యాధుల కేసుల్లో ఒత్తిడిని చూపే కాగితం ఇదే. దురదృష్టవశాత్తు చాలా ఓడల్లో ఈ రికార్డును నియమానికి సరిపోయేలా సర్ది రాస్తారు. అందుకే సొంత డైరీలో రోజూ రెండు వాక్యాలు రాసుకోండి. ‘రాత్రి 2 గంటలకు అలారం, జనరేటర్ దగ్గర 5 దాకా, మళ్ళీ 8కి వాచ్’ అని తేదీతో రాసిన వరస, సర్దిన రికార్డుకు ఎదురు నిలుస్తుంది. అదే రోజు ఇంటికి పంపిన వాట్సాప్ సందేశం ఉంటే డైరీకి తోడు సాక్ష్యమవుతుంది.

ఓడలో అందరికీ కనిపించే చోట ఆర్థిక భద్రతా సర్టిఫికెట్ అతికించి ఉంటుంది. 2017 జనవరి 18న అమల్లోకి వచ్చిన సవరణల వల్ల, వైకల్య పరిహారం చెల్లింపుకు పూచీపడిన బీమా సంస్థ పేరు, చిరునామా దాని మీద ఉండి తీరాలి. సాధారణంగా అది ఒక పీ అండ్ ఐ క్లబ్ (ఓడల యజమానులు కలిసి నడుపుకునే బీమా సంఘం) అయి ఉంటుంది. ఎక్కిన రోజే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జబ్బుతో స్ట్రెచర్ మీద దిగేవాడికి ఫొటో తీసే అవకాశం ఉండదు. క్యాబిన్‌లో వదిలి వచ్చిన సామాను భద్రపరచి తిరిగి చేర్చే బాధ్యత కూడా యజమానిదే కాబట్టి, డైరీ అందులో ఉండిపోతే పేరుపెట్టి రాసి అడగండి.

నాలుగో మెట్టు: ఇంటికి చేరిన మొదటి రోజులు

ఊరికి చేరగానే అందరూ పరామర్శకు వస్తారు, మొక్కులు తీర్చుకునే పని ఉంటుంది, ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన సూదితో నొప్పి కాస్త తగ్గుతుంది, చూస్తుండగానే నెల గడిచిపోతుంది. తరువాత కంపెనీ ‘నెల రోజులు ఏ డాక్టరుకూ చూపించుకోలేదు, అంటే జబ్బు ఇంటి దగ్గర మొదలైంది’ అని రాస్తుంది. దిగిన మరుసటి రోజే, ఓడకు సిబ్బందిని పంపే మ్యానింగ్ కంపెనీకి ఈమెయిల్ పంపండి. సైన్ ఆఫ్ తేదీ (ఓడ దిగిన రోజు), ఓడ పేరు, లక్షణాలు ఎప్పుడు మొదలైనదీ, వైద్య పరీక్షకు ఎక్కడికి రమ్మంటారో చెప్పమన్న కోరిక, ఈ నాలుగూ ఉంటే చాలు. ఫోన్‌లో మాట్లాడినా, వెంటనే ‘ఈ రోజు మీరు ఇలా చెప్పారు’ అని మెయిల్‌లో రాసి పెట్టండి. వాళ్ళు చెన్నైకో ముంబైకో పిలిస్తే తప్పక వెళ్ళండి. పిలిచినా వెళ్ళకపోవడం మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. వెళ్ళిన టికెట్లు దాచండి.

దానితో పాటు మీ సొంత డాక్టరుకు, వీలైతే నెల్లూరు లేదా ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ఆ విభాగపు నిపుణుడికి, చూపించుకోండి. అక్కడ ‘ఎప్పటి నుంచి?’ అని అడిగినప్పుడు మీరు చెప్పే జవాబు కేస్ షీట్ మీదికి ఎక్కుతుంది. ‘చాన్నాళ్ళుగా ఉందండీ’ అని అలవాటుగా అనేస్తాం. ఆ మాట ఇంగ్లీషులో ‘దీర్ఘకాలంగా ఉన్న వ్యాధి’ అయి కూర్చుంటుంది. నెల, తేదీ, ఓడ, చేస్తున్న పని స్పష్టంగా చెప్పి, అలాగే రాశారో లేదో చదివించుకోండి.

కనిగిరి, పొదిలి వైపు నుంచి వెళ్ళినవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనీ, మూత్రపిండాల జబ్బు ఆ ప్రాంతంలో ఎక్కువనీ అందరికీ తెలుసు. ఇంజన్ రూము వేడిలో చెమటోడ్చి, నీళ్ళు చాలక కిడ్నీ దెబ్బతిన్న ఒక ఆయిలరు (యంత్రాలకు నూనె వేసే కార్మికుడు) కేసులో కంపెనీ డాక్టరు ‘ఇది మీ ఊరి నీటి జబ్బు’ అని రాశాడు. దానికి జవాబు మాటల్లో లేదు, పాత పరీక్షల్లో ఉంది. ఓడ ఎక్కేముందు చేసిన వైద్య పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే రక్త పరీక్ష అంకె) ఎంత ఉంది, దిగిన తరువాత ఎంత ఉంది, ఆ రెండింటి మధ్య ఎన్ని నెలలు వేడిలో గడిచాయి, ఈ మూడూ ఒకే కాగితం మీద పెట్టినప్పుడే ఆ వాదన నిలబడదు. కాబట్టి ప్రతి సైన్ ఆన్‌కు ముందు చేసిన రక్త పరీక్షల నకళ్ళు పదేళ్ళవైనా పారేయవద్దు.

ఐదో మెట్టు: పనికీ జబ్బుకూ సంబంధం చూపడం

మొత్తం వ్యవహారంలో గట్టిగా కష్టపడవలసింది ఇక్కడ. సంబంధం ఉందని చూపవలసిన బరువు అడిగేవాడి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1969లోనే మెకిన్నన్ మెకెంజీ కేసులో చెప్పింది. ఆ కేసు ‘ద్వారక’ అనే ఓడలో పనిచేసిన డెక్ హ్యాండ్‌ది. 1961 డిసెంబరులో ఛాతీ నొప్పి అని చెప్పుకున్నాడు, మాత్రలు ఇచ్చారు, కొద్ది రోజులకే ఓడ మీద కనిపించకుండా పోయాడు. ఎలా పోయాడో చూపే ఆధారం లేనందువల్ల కుటుంబానికి పరిహారం రాలేదు. అదే తీర్పు, కళ్ళారా చూసిన సాక్షి లేకపోయినా పరిస్థితులను బట్టి సంబంధాన్ని ఊహించవచ్చని కూడా చెప్పింది. ఆ రెండో భాగమే మనకు ఆసరా.

మన నెల్లూరు నుంచే వెళ్ళిన మరో కేసు ఉంది. నెల్లూరు ప్లాంట్ ఇంజనీరు ప్రతివాదిగా ఉన్న ఆ వ్యవహారంలో, పనిలో ఉండగా గుండెపోటుతో చనిపోయిన కార్మికుడి భార్యకు 2006లో సుప్రీంకోర్టులోనూ పరిహారం దక్కలేదు. అతనికి ముందు నుంచీ ఛాతీ జబ్బు ఉంది, పైగా అతని పని స్విచ్ వేయడం, తీయడం మాత్రమే గనుక ఒత్తిడికి అవకాశమే లేదని డాక్టరు సాక్ష్యం చెప్పాడు. దీనికి భిన్నంగా, ఢిల్లీ నుంచి 1,152 కిలోమీటర్లు లారీ నడిపి, దారిలో నలతగా ఉందని బండి ఆపి ప్రాణం విడిచిన డ్రైవరు కేసులో, ఆ ప్రయాణపు శ్రమే మరణానికి దారితీసిందని 2012లో అదే కోర్టు ఒప్పుకుంది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చేసిన పని కోర్టు కళ్ళకు ఎలా కనిపించిందన్న దాని దగ్గరే ఫలితం మారిందని తెలుస్తుంది.

అందుచేత ‘మోటర్‌మ్యాన్’ అన్న హోదా రాసి వదిలేయకండి. మీ పని ఏమిటో రెండు పేజీలు తెలుగులోనే రాసి, తరువాత ఇంగ్లీషు చేయించండి. ఇంజన్ రూములో ఎంత వేడి, ఎన్ని కిలోల ఇంజెక్టర్లు ఎన్ని మెట్లు మోశారు, ఏ ట్యాంకులోకి దిగారు, ఏ ఆవిరి పీల్చారు, చెవులకు రక్షణ ఇచ్చారా, తుపానులో ఎన్ని రాత్రులు నిద్ర లేదు, చివరి పది రోజుల్లో అదనంగా ఏ పని పడింది, ఇవన్నీ తేదీలతో ఉండాలి. మీతో పనిచేసిన ఇద్దరి చేత సంతకం చేయించిన వాంగ్మూలం జతచేయండి. వాళ్ళు మళ్ళీ ఓడ ఎక్కితే నెలల తరబడి దొరకరు కాబట్టి ఈ పని ముందే చేయాలి.

ఆ రెండు పేజీలు మీ డాక్టరు చేతికి ఇచ్చి, ఆయన్ను మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి. జబ్బు ఖచ్చితంగా ఏమిటి? ఈ పని పరిస్థితులు దాన్ని కలిగించి గాని, ముందే ఉన్నదాన్ని ముదరబెట్టి గాని ఉండే అవకాశం ఎంత, ఏ కారణం చేత? మళ్ళీ సముద్రం పనికి పనికివస్తారా? ‘ముదరబెట్టి’ అన్న మాటను వదలకండి. బీపీ, షుగర్ ఉన్న మనిషి విషయంలో కేసంతా ఆ మాట మీదే నిలుస్తుంది.

శబ్దం వల్ల వినికిడి దెబ్బతినడం, బెంజీన్ వల్ల వచ్చే వ్యాధులు, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటివి మన పరిహార చట్టపు మూడో షెడ్యూలు పట్టికలోనే ఉన్నాయి. ఆయా పనుల్లో ఉన్నవారికి ఇవి వస్తే పని వల్ల వచ్చినట్టుగానే లెక్క, కాదని చూపడం యజమాని వంతు అవుతుంది. ముందుగా మీ జబ్బు పట్టికలో ఉందేమో చూడండి.

పాత జబ్బు దాచారన్న ఆరోపణ

షుగర్ ఉన్నదని ఎక్కేముందు ఫారంలో రాశారా? రాసి ఉంటే, డాక్టరు దాన్ని చూసి ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే, దాచారనడానికి వీల్లేదు. ఆ ఫారం నకలును వైద్య పరీక్ష చేసిన కేంద్రం నుంచి రాతపూర్వకంగా అడగండి. మీకే తెలియని జబ్బు తరువాత బయటపడితే అది దాచడం కాదు, తెలిసి దాచడమే మినహాయింపు. కొందరు ఏజెంట్లు ‘అన్నిటికీ లేదు అని టిక్ పెట్టు’ అని చెబుతారు. ఆ టిక్ ఒక్కటి తరువాత మొత్తం పరిహారాన్ని మింగేస్తుంది. చేతులు జోడించి చెబుతున్నాను, అలా పెట్టవద్దు.

ఆరో మెట్టు: వైకల్యం శాతం

సదరం శిబిరంలో ఇచ్చే సర్టిఫికెట్ పింఛనుకూ ప్రభుత్వ పథకాలకూ పనికివస్తుంది. సముద్రం పనికి పనికివస్తారా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. సదరంలో 40 శాతం వచ్చిన మనిషి ఓడ పనికి పూర్తిగా అనర్హుడు కావచ్చు. ఐటీఎఫ్ తరహా ఒప్పందాల్లో, 50 శాతం లేదా అంతకు మించితే పూర్తి పరిహారంగా లెక్కించే నియమమూ, శాతం తక్కువైనా ఇక ఏ హోదాలోనూ ఓడ ఎక్కలేరని వైద్యులు తేల్చితే పూర్తి మొత్తం ఇచ్చే నియమమూ ఉంటాయి. కంపెనీ డాక్టరూ మీ డాక్టరూ విభేదిస్తే, కంపెనీ, యూనియన్ కలిసి మూడో డాక్టరును ఎంపిక చేయవచ్చు, ఆయన మాట ఇద్దరికీ అంతిమం. కాబట్టి మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఐదో మెట్టులో తయారుచేసిన ఫైలు మొత్తం ఆయన ముందు ఉండేలా యూనియన్ చేత రాయించండి.

ఏడో మెట్టు: ఎవరికి రాయాలి, ఎంతలోపు

కంపెనీకి, మిమ్మల్ని ఓడకు పంపిన మ్యానింగ్ ఏజెన్సీకి, పీ అండ్ ఐ క్లబ్‌కు, యూనియన్‌కు ఒకే రోజు ఒకే ఉత్తరం పంపండి. పరిహారం నేరుగా నావికుడే గాని, అతని దగ్గరి బంధువు గాని, ప్రతినిధి గాని అడగవచ్చని ఎమ్మెల్సీ చెబుతోంది. మంచం మీద ఉన్న భర్త తరఫున భార్య రాసినా చెల్లుతుంది. ఏజెన్సీకి ఆర్పీఎస్ఎల్ లైసెన్సు (నావికులను ఉద్యోగాల్లో చేర్చడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉంటే, ఆ లైసెన్సులు చూసే ప్రభుత్వ కార్యాలయమైన ముంబైలోని డీజీ షిప్పింగ్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెన్నై షిప్పింగ్ మాస్టర్ కార్యాలయానికి పినాకిని రైల్లో వెళ్ళి రావచ్చు.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. రెండింటిలోనూ క్లెయిమ్ వేయడానికి గడువు రెండేళ్ళు. పాత చట్టం కింద లెక్కకు తీసుకునే నెల జీతం 15,000 రూపాయలకు పరిమితం గనుక, డాలర్లలో జీతం తీసుకున్న సీమన్‌కు సాధారణంగా సమష్టి ఒప్పందపు మొత్తమే పెద్దది. ఒప్పందపు డబ్బు తీసుకున్నంత మాత్రాన ఇతర చట్టబద్ధ హక్కులు పోవు. ఫీజు కట్టలేనివారు నెల్లూరు, ఒంగోలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో అడిగితే వకీలు సహాయం దొరుకుతుంది. కంపెనీ ‘పరిశీలనలో ఉంది’ అంటూ రాసే ఉత్తరాలు గడువును ఆపవు. ఏడాదిన్నర దాటితే ఆ ఉత్తరాల కోసం ఎదురుచూడకుండా దరఖాస్తు వేయించండి.

సంతకం పెట్టే ముందు

డబ్బు ఇస్తామన్న రోజున ఒక రసీదు కాగితం ముందు పెడతారు. ఒప్పందంలో ఉన్నదాని కంటే తక్కువ తీసుకోమని ఒత్తిడి చేయకూడదని ఎమ్మెల్సీ స్పష్టంగా అంటోంది. వైకల్యం ఎంతో తేలడానికి సమయం పడితే, కుటుంబం ఇబ్బంది పడకుండా మధ్యంతర చెల్లింపులు చేయాలని కూడా అంటోంది. ఎమ్మెల్సీకి జతచేసిన నమూనా రసీదు ఒకటి ఉంది, దానిలో ఇతర హక్కులు నిలిచే ఉంటాయన్న వాక్యం ఉంటుంది. మీకు ఇచ్చిన కాగితంలో ఆ వాక్యం లేకుండా ‘ఇక ఏ విధమైన బాకీ లేదు’ అని ఉంటే, ఆ రోజు సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకువచ్చి చదివించండి.

ఫైలు పంపే ముందు చివరిగా పేర్లు సరిచూసుకోండి. సీడీసీలో (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆసుపత్రి చీటీలో పొడి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో ‘వెంకటేశ్వర్లు’, బ్యాంకు పుస్తకంలో ‘వెంకటేశ్వరరావు’ అని ఉంటుంది. కొత్తపట్నం ఫిట్టరుకు మంజూరైన మొదటి విడత డబ్బు ఈ ఒక్క తేడా వల్ల ఏడు వారాలు ఆగిపోయింది. ఆసుపత్రిలో చీటీ రాయించుకునే రోజునే సీడీసీ చూపించి, అందులో ఉన్నట్టుగానే పేరు రాయించుకోండి.